చేలో కట్టిన స్తుతి డిస్కులు

నా పేరు కట్టా ఎలీసమ్మ. భర్త పిచ్చయ్య, నిన్న చనిపోయాడు. నాకు యాభై రెండేళ్ళు. మిరపకోతలకీ పత్తితీతకీ కూలికి వెళ్తాను. మాది మార్టూరు మండలం చినరాళ్ళపాలెం. చదువు రాదు. ఎస్సై గారు అడిగితే చెప్తున్నాను, ఎవరూ నేర్పి పంపలేదు. నా కొడుకు జయపాల్ వాళ్ళ నాన్నని చంపలేదు. ముందు ఆ మాట రాసుకోండి, తర్వాత మిగతాది చెప్తాను.

మాకు స్తుతి అని కూతురు ఉండేది. పదో తరగతిలో ఉండగా జ్వరమొచ్చి పోయింది. తొమ్మిదేళ్ళయింది. మా ఆయన రాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో, పెళ్ళి వీడియోలు తీసే యేసుపాదం దగ్గర పాత కెమెరా కొన్నాడు. డిస్కుల మీద రికార్డయ్యే కెమెరా. చర్చిలో స్తుతి పాట పాడితే తీశాడు, జడ వేయించుకుంటుంటే తీశాడు, అన్నం తిననని మొండికేస్తే అదీ తీశాడు. "తిండి దగ్గర తీస్తావేంటయ్యా, దిష్టి తగుల్తుంది" అనేదాన్ని. ఫొటోలు గోడ మీద ఉన్నాయి. కానీ దాని గొంతు ఆ పదకొండు డిస్కుల్లోనే ఉంది. ఆదివారం చర్చి నుంచి రాగానే మా ఆయన ఒకటి పెట్టుకుని చూసేవాడు.

ఈ మధ్య డిస్కులు మధ్యలో ఆగిపోతుంటే జయపాల్, "ఇవి ఇంకెన్నాళ్ళో పనిచెయ్యవు నాన్నా, కంప్యూటర్‌లోకి ఎక్కిస్తా, ఇంక భయముండదు" అన్నాడు. వాడు గ్రానైట్ ఆఫీసులో బిల్లులు కొడతాడు. ఇంట్లో సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ ఉంది. క్రిస్మస్ అయ్యాక కూర్చుని ఎక్కించాడు. ఒక్కో డిస్కూ పెట్టి, కాపీ చేసి, తెర మీద బొమ్మ నొక్కి చూపించాడు. స్తుతి పాడింది. ముగ్గురం చూశాం. డిస్కు ఇంకా లోపలే ఉంది కాబట్టి పాడుతోందని మాలో ఎవరికీ తట్టలేదు.

ఆ డిస్కుల్ని చేలో కట్టింది నేనే. ఇంటి వెనకే కౌలు చేను, మొక్కజొన్న. కంకులు పాలుపోసుకునే సరికి చిలకలు పడ్డాయి. మా ఊళ్ళో అందరూ పాత సీడీలు కడతారు, ఎండకి తళతళమంటే పిట్ట వాలదు. మొన్న ఆదివారం దాకా మా ఆయన డిస్కే పెట్టుకుని చూశాడు. కంప్యూటర్‌లో ఉన్నాయి కదా అని ఈ సోమవారం దారాలకి గుచ్చి కర్రలకి వేలాడదీశాను. మా ఆయన చూసి నవ్వాడు. "మా స్తుతి చేను కాస్తోందిలే" అన్నాడు.

నిన్న శుక్రవారం మధ్యాహ్నం మా ఆయన పిల్ల పాట పెట్టరా అన్నాడు. జయపాల్ నొక్కితే, డిస్కు పెట్టమని అడిగింది కంప్యూటర్. పదకొండూ నొక్కాడు. పదకొండూ అదే అడిగాయి. "షార్ట్‌కట్లు మాత్రమే కాపీ చేశానమ్మా. దారి వచ్చింది గానీ సరుకు రాలేదు" అన్నాడు. అసలే ఆగిపోయే డిస్కులు, చేలో ఎండకీ గాలికీ కర్రలకి రాసుకుని ఇంక పనికిరావనే అనుకున్నాం.

మా ఆయన లేచి వాణ్ణి చెంప మీద కొట్టాడు. "నా కూతుర్ని రెండోసారి చంపావు కదరా!" అన్నాడు. పాతికేళ్ళవాణ్ణి కొడితే ఊరుకుంటాడా? "నేను చచ్చినా ఇంత ఏడవవు నువ్వు. పో, దాని దగ్గరికే పో" అన్నాడు. పక్కింటి రాఘవమ్మ మీకు చెప్పింది ఈ మాటే. అన్నాడు, అబద్ధం కాదు. కోపంలో ఇంట్లో ఎన్ని అనుకోం సార్? ఆవిడ మొగుణ్ణి రోజూ చావమంటుంది, ఆయన గుండ్రాయిలా ఉన్నాడు.

ఆ వెంటనే జయపాల్ కంప్యూటర్ డబ్బా బండి మీద పెట్టుకుని, ఏమైనా దొరుకుతుందేమోనని మార్టూరులో రిపేరు చేసే ఖలీల్ దగ్గరికి వెళ్ళాడు. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాడు. ఖలీల్‌ని అడగండి.

పొద్దు వాలాక మా ఆయన చొక్కా వేసుకుని బయటికి నడిచాడు. శుక్రవారం సాయంత్రం ఉపవాస ప్రార్థన ఉంటుంది, చర్చికి వెళ్ళాడనుకున్నాను. డిస్కులు విప్పుకురావడానికి చేలోకి వెళ్ళాడని నాకు తెలీదు.

చేని చుట్టూ అడవిపందుల కోసం కరెంటు తీగ ఉంది. అది వేసింది జయపాల్. తప్పే. కానీ స్విచ్ మోటారు కొట్టంలో ఉంటుంది, రోజూ పొద్దుగూకేటప్పుడు దాన్ని వేసేది నేను. వేసేముందు, "చేలో ఎవరన్నా ఉంటే వచ్చెయ్యండి" అని కేకేస్తాను. నిన్న కేకెయ్యలేదు. ఏడ్చి ఏడ్చి గొంతు పూడుకుపోయింది. ఆరున్నరకి స్విచ్ వేసి, వచ్చి పొయ్యి వెలిగించాను.

జయపాల్ వచ్చి నాన్నేడన్నాడు. చర్చికన్నాను. "చర్చి మీంచే వచ్చానమ్మా, అక్కడ లేడు" అని టార్చి పట్టుకుని చేలోకి పరిగెత్తాడు. "అమ్మా, స్విచ్ తియ్యి!" అని అరిచాడు. తీశాను. అప్పటికే అయిపోయింది. మా ఆయన గట్టు మీద బోర్లా పడి ఉన్నాడు. పదకొండూ విప్పాడు సార్. చొక్కా లోపల పెట్టుకున్నాడు. ఆకు కోసుకుని చేతుల నిండా గీతలు. తిరిగొస్తుంటే తీగ తగిలింది.

స్విచ్ తనే వేశానని జయపాల్ మీకు చెప్పాడట. నన్ను తీసుకెళ్తారని వాడి భయం. "నువ్వేం మాట్లాడకమ్మా" అని దారంతా బతిమాలాడు. నేను మాట్లాడతాను. వేసింది నేను. కూతురు పోయింది, మొగుడు పోయాడు. చెయ్యని పనికి కొడుకుని మీకెందుకిస్తాను?

సాయంత్రం ఆసుపత్రిలో శవాన్ని ఇస్తామన్నారు. మావాళ్ళలో పెట్టె మీద మొదటి పిడికెడు మట్టి కొడుకు వెయ్యాలి. వాణ్ణి పంపించండి. నేనిక్కడ కూర్చుంటాను.

రాసింది నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. ఇందులో అబద్ధం లేదు. సంతకం రాదు కాబట్టి వేలిముద్ర వేస్తున్నాను.

కట్టా ఎలీసమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర
8-3-2025, మార్టూరు