వెన్నముద్ద పట్టిన చక్రవర్తి

1936 జూన్ ఎనిమిదో తేదీన పురావస్తు శాఖలో నకలు గుమాస్తాగా చేరిన శ్రీ పర్వతాలు గారు ఈ నెలాఖరున నాణేల విభాగ పర్యవేక్షకులుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఇకపై వారు లేని ఆ గదిలోకి వెళ్లాలంటే మాకు కాళ్లు రావు.

జడ్చర్ల దాపున సేద్యపు ఇంట జన్మించి, ఉర్దూలో చదువుకుని, రోమక లిపిని స్వయంకృషితో సాధించిన విద్వాంసులు వారు. ప్రభుత్వాలు మారినా, దస్త్రాల భాష మారినా, వారి పని తీరు మారలేదు. ఒక్క నాణేన్ని రోజుల తరబడి తిప్పి తిప్పి చూసి, "ఇంక జర చూద్దాం" అనేవారు. మాకు ప్రాణం విసిగేది.

ఆ ఓపిక విలువ 1958లో తెలిసింది. దేవరకొండ తాలూకాలో గొర్రెల దొడ్డికి గోడ కడుతుంటే గుర్వయ్య అనే కాపరికి బంగారు నాణేల కుండ దొరికింది. సర్కారు కుండను స్వాధీనం చేసుకుంది. అతని భార్య బక్కమ్మ మెడలో అలాంటి బిళ్లే కనిపించేసరికి, కుండలోంచి దాచాడన్న అనుమానంతో గుర్వయ్యను ఠాణాలో పెట్టారు. అది కుండలోదో కాదో తేల్చడానికి పర్వతాలు గారు వెళ్లారు.

బిళ్ల పుస్తెలతాడుకు ఉంది. తీయమంటే బక్కమ్మ భగ్గుమంది.

"ఆయన ఠాణాల ఉండంగ నా మెడల తాడెట్ల తీస్త సారూ? గది మా అత్తది, ఆమె పోయినంక నాకొచ్చింది. అండ్ల వెన్నముద్ద వట్టుకున్న కిష్టసామి ఉన్నడు."

పర్వతాలు గారు ఆ మాట దగ్గర ఆగారు. కుండలోవన్నీ రోము చక్రవర్తి తిబేరియస్ కాలానివి. వాటి వెనుక వైపు ఉన్నది కూర్చున్న స్త్రీ. ఆమె వెన్నముద్ద అంటున్న గోళాన్ని చేత పట్టి నిలుచున్నవాడు నూరేళ్ల తరువాతి చక్రవర్తి ఆంటోనైనస్ పయస్! కంసాలి దగ్గర మైనం తెప్పించి, తాడు మెడలో ఉండగానే ఆమె చేతనే బిళ్లను అద్దించి, తిరగబడిన అక్షరాలను అద్దంలో చదివారు. ఆంటోనైనస్ పేరే ఉంది; అనుమానం తీరిపోయింది.

ఆ రకం మన ప్రదర్శనశాలలో లేదు. వెంట వచ్చిన పై అధికారికి ఆశ పుట్టింది.

"ఒకే కుండలో రెండు కాలాల నాణేలు దొరకవా? కుండలోదే అని రాయండి, మనకు దక్కుతుంది."

"దొరుకుతయి సార్. కని కుండలయి కొత్తగ మెరుస్తున్నయి. గిది అరిగింది మన్నుల గాదు, మనిషి మెడల. నేను రాస్తే గుర్వయ్య జైలుకు పోతడు. నాతోని గాదు."

తహశీలు కచేరీలో ఆ మాటే నిలబడి చెప్పారు. సాయంత్రానికి గుర్వయ్య బయటికొచ్చాడు. బక్కమ్మ మాత్రం, తన కృష్ణుణ్ణి ఎవరో పరాయి రాజును చేశారని అలిగింది.

"నీ మెడల ఉన్నన్ని దినాలు కిష్టసామే అమ్మా. కచేరిల మాత్రమే గాయన చక్రవర్తి," అన్నారు పర్వతాలు గారు.

ఆ తరువాత వారికి రావలసిన పదోన్నతి చాలాకాలం ఆగింది. వారు ఫికర్ చేయలేదు. ఇంట్లో శ్రీమతి లక్ష్మీనర్సమ్మ గారూ చేయనివ్వలేదు.

ఆయురారోగ్యాలు వారి ఇంట స్థిరంగా ఉండాలనీ, చిన్న అక్షరం చదివే ఆ చూపు ఏనాటికీ మసకబారకూడదనీ మనసారా కోరుకుంటున్నాం. మా నాణేల పెట్టెలో ఆంటోనైనస్ వరుసన ఒక గడి నేటికీ ఖాళీయే. ఎందుకని పండితులు అడిగితే మేము తల దించుకోం. అది ఒక ముత్తైదువ మెడలో ఉందని, అక్కడ ఉంచినవారు మా పర్వతాలు గారని చెబుతాం.