పసుపు సోఫా

అమెరికాలోని గ్రీన్ బే ఊళ్ళో పాత అమెరికన్ ఫుట్‌బాల్ ఆటల టీవీ ప్రసారాలను వీడియో క్యాసెట్లలో దాచే ఆవిడ ఇంటి నేలమాళిగ అది. బూట్ల మంచు దులుపుకుని మెట్లు దిగిన ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"మంచుతుఫానులో ఆడిన ఆట ఉందా అమ్మాయ్? ఆఖర్లో మనవాళ్ళు పుంజుకుని గెలిచింది."

"ఉంది బాబాయ్, ప్రకటనలతో సహా. ఆ రోజు స్టేడియంలో ఉన్నారా?"

"ఉండకేం. చివరిదాకా ఉన్నాను. ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు."

"మరి క్యాసెట్ ఎందుకు?"

"మనవరాలికి చూపిద్దామని. కాకపోతే ఆఖర్లో పైనుంచి పార్కింగ్ చూపిస్తారట కదా, ఆ ముక్క తీసేసి ఇస్తావా?"

"నేను ఆటలో ఒక్క క్షణం కూడా కొయ్యను. అయినా అందులో ఏముంది? ఓడిపోయామనుకుని జనం వెళ్ళిపోతుంటారు. గేటు దగ్గర బయటికెళ్తున్న ఓ ట్రక్కు, దాని మీద పసుపు సోఫా."

ఆయన టోపీని కళ్ళ మీదికి లాక్కున్నాడు.

"ఆటకి ముందు పార్కింగ్‌లో కూర్చుని సాసేజ్‌లు కాల్చుకోడానికి తెచ్చిన ఆ సోఫా, మీ ఇంటిదేనా బాబాయ్?"

"చలి అమ్మాయ్. పైగా స్కోరులో రెండు టచ్‌డౌన్లు వెనకబడ్డాం. నలభై ఏళ్ళుగా ఉన్నానని చెబుతున్నా, ఇప్పుడు నా పరువేం కాను?"

"చివరిదాకా ఉన్నామనేవాళ్ళందర్నీ కూర్చోబెట్టాలంటే అలాంటి స్టేడియాలు మూడు కట్టాలి. వెళ్ళిపోయినట్టు రుజువున్నది మీ ఒక్కరికే. క్యాసెట్లు దాచే మేమంతా ఆ సోఫాగారెవరో అని ఎన్నేళ్ళుగా వెతుకుతున్నామో."

ఆయన టోపీ తీసి, కుర్చీని టీవీ ముందుకి లాక్కున్నాడు.

"సరే, వెయ్యి. ఆ గెలుపు నేనింతవరకూ చూళ్ళేదు."