ఆరో జెండా దగ్గర ఏం జరిగిందంటే

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రధానోపాధ్యాయులు గోపాలరావు గారికి, తూంకుంట నుంచీ, చుట్టుపక్కల కాలనీల నుంచీ పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు, మేడ్చల్‌లో నాతో కలిసి చదువుకున్న పాత స్నేహితురాళ్లకు, తోటి ఉపాధ్యాయులకు, ఇంకెంతసేపు కూర్చోవాలా అని అప్పుడే గుసగుసలు మొదలుపెట్టిన పిల్లలకు నమస్కారం. అభిలాష్ సార్, ఆ ఫ్యాను కొంచెం పిల్లల వైపు తిప్పండి. నాకు చెమట కొత్త కాదు, ముప్పై మూడేళ్లు ఎండలోనే జీతం తీసుకున్నాను. (నవ్వులు)

నా గురించి ఇంతసేపు అందరూ మంచిమాటలే చెప్పారు. మన పూర్వ విద్యార్థిని సుస్మిత అయితే నేను రాజస్థాన్ ఎడారిలో కాంస్య పతకం గెలిచిన సంగతి చెప్పి, ఆ కథ విన్నాకే తనూ పటం పట్టుకుని పరుగెత్తడం నేర్చుకున్నానంది. తల్లీ, నువ్వు మాట్లాడుతున్నంతసేపూ నేను తల వంచుకునే ఉన్నాను. వినయం అనుకుని ఉంటారు. కాదు, సిగ్గు. ఆ కథలో ఒక ముక్క అబద్ధం ఉంది. అది నేను చెప్పిందే.

తెలియనివాళ్ల కోసం ముందుగా ఆ పోటీ ఏమిటో చెప్పాలి. ఓరియంటీరింగ్ అంటారు. చేతికి ఒక పటం, ఒక దిక్సూచి ఇస్తారు. ఎక్కడెక్కడో పాతిన జెండాలను వరుసగా వెతుక్కుంటూ, ప్రతిచోటా వేలికున్న చిప్పును అక్కడి పెట్టెకు తాకించి, ఎవరు తక్కువ సమయంలో చేరితే వాళ్లు గెలిచినట్టు. ఇంకొకరిని దారి అడగకూడదు, ఇంకొకరి వెనకాల పరుగెత్తకూడదు. ప్రమాదంలో పడ్డ మనిషి కనిపిస్తే మాత్రం ఆగి తీరాలి. ఆగినందుకు ఎవరినీ తప్పు పట్టరు.

పదమూడేళ్ల కింద నేను ఈ ఆటను మన బడికి తెచ్చినప్పుడు శామీర్‌పేట వైపు రాళ్లగుట్టల్లో పిల్లలకు సాధన చేయించేదాన్ని. మన మధ్యాహ్న భోజనం వండే సుక్కమ్మ, అదిగో ముందు వరుసలో ఉంది, పిల్లలకు నీళ్ల క్యాను మోసుకుని మాతో వచ్చేది. చిన్నప్పుడు ఆ గుట్టల్లోనే మేకలు కాసిందట. ఒకరోజు పిల్లలెవరికీ దొరకని జెండాను, పటం ఒక్కసారి చూసి, నేరుగా నడిచివెళ్లి చూపించింది. ఎలా తెలిసిందని అడిగితే, "గీ కాగితం మీద గీసింది నేలనే గద మేడం, నేల నాకు తెల్వదా" అంది. ఏడాది తిరిగేసరికి ఆమె నాకన్నా బాగా పటం చదవడం మొదలుపెట్టింది. నాకది సంతోషంగా ఉండేది. లోపల ఎక్కడో కొంచెం గుచ్చుకునేది కూడా. ఇవాళ ఎలాగూ చెప్పుకోవాలని వచ్చాను కాబట్టి అదీ చెబుతున్నాను.

తొమ్మిదేళ్ల కింద మార్చి నెలాఖరులో బికనేర్ దగ్గర ఇసుక దిబ్బల్లో పోటీ అంటే ఇద్దరం వెళ్లాం. నలభై దాటిన ఆడవాళ్ల విభాగం. పదకొండు మందిమి. నన్ను ముందు వదిలారు, నా వెనక ఆరు నిమిషాలకు సుక్కమ్మను వదిలారు. మన గుట్టల్లో పరుగెత్తినట్టు ఇసుకలో పరుగెత్తలేం. రెండడుగులు వేస్తే ఒకడుగు వెనక్కి జారుతుంది. బూట్ల నిండా వేడి ఇసుక. అన్నీ ఒకేలాంటి దిబ్బలు, వాటి మధ్య అక్కడక్కడా ఇంత ముళ్లపొద. ఐదో జెండా దాకా బాగానే వెళ్లాను. ఆరో జెండాకు వెళ్లే దారిలో తప్పిపోయాను. ఒకే దిబ్బను మూడుసార్లు చుట్టాను. నీళ్లు అయిపోయాయి. కళ్లు తిరిగి ఒక ముళ్లపొద పక్కన కూలబడ్డాను. అక్కడ నీడ కూడా సరిగా లేదు.

అప్పుడు దిబ్బ మీది నుంచి సుక్కమ్మ దిగింది.

"ఏమైంది మేడం, గిట్ల కూలవడ్డవేంది?"

"తోవ తప్పిన సుక్కమ్మా. నీళ్లు గూడ లేవు."

నువ్వు వెళ్లు, నీ పరుగు పాడవుతుంది అని నేను అనలేదు. అని ఉంటే ఇవాళ చెప్పుకోవడానికి ఆ ఒక్కటైనా ఉండేది. ఆమె తన సీసా నా చేతికిచ్చి, "జల్దీ తాగకు, కొంచెం కొంచెం తాగు" అంటూ తన కండువా తడిపి నా తల మీద వేసింది. నా పటం తీసి చూసింది. "గిది దిబ్బ గాదు మేడం, గుంత. గీ గీత లోపట సన్న సన్నగ గీసిర్రు, సూడలేదా?" అని నా చెయ్యి పట్టుకుని లేపి, ఆరో జెండా దాకా నడిపించింది. నా కోసం పన్నెండు నిమిషాలు పోగొట్టుకుంది. అక్కడ కాపలా ఉన్న అధికారి మా ఇద్దరినీ చూశాడు. "ఇగ నాకు ఫికర్ లేదు, నువ్వు మెల్లగ రా మేడం" అని సుక్కమ్మ పరుగెత్తిపోయింది.

(అధ్యక్షుల వైపు తిరిగి) లేదు గోపాలరావు సార్, ఆపమనకండి. సార్ నా చెవిలో "శుభమా అని సన్మానం జరుగుతుంటే ఇప్పుడు ఇవన్నీ ఎందుకండీ మేడం" అంటున్నారు. ఈ సన్మానం ఆ పతకాన్ని చూసి కూడా చేస్తున్నారు సార్, అందుకే చెప్పాలి.

చివరి గీత దాటాక, జీపులో అక్కడికి వచ్చేసిన ఆ అధికారి నన్ను పిలిచాడు. సుక్కమ్మ అవతల నీళ్ల డ్రమ్ము దగ్గర కాళ్లు కడుక్కుంటోంది. మీరిద్దరూ ఆరో జెండాకు కలిసి ఎందుకు వచ్చారని ఇంగ్లీషులో అడిగాడు. నిజం చెబితే సుక్కమ్మకు ఏమీ కాదు. నేను దారి చూపించుకున్నాను కాబట్టి నా పేరు కొట్టేస్తారు. పాతికేళ్లకు దగ్గరపడ్డ వ్యాయామ ఉపాధ్యాయురాలిని, వంటమనిషి చెయ్యి పట్టుకుని నడిచానని చెప్పాలి. నోట్లోంచి వేరే మాట వచ్చింది. "ఆమె నా వెనకాలే వచ్చేసింది. కొత్తమనిషి, నియమాలు తెలియవు" అన్నాను.

అంతే. ఆమె నా వెనకాల పరుగెత్తిందని ఆయన ఇంగ్లీషులో ఒక కాగితం రాశాడు. "గిదేంది మేడం?" అని సుక్కమ్మ అడిగితే, "ఏం లేదు, సంతకం పెట్టు" అన్నాను. పెట్టింది. సాయంత్రం బోర్డు మీద ఫలితాలు అంటించారు. చేరినవాళ్లం ఐదుగురమే. సుక్కమ్మ పేరు మీద అడ్డంగా గీత. ఆమె తీసేయబడింది కాబట్టి నాలుగో మనిషినైన నేను మూడో మనిషినయ్యాను. గీత కింద ఆమె సమయం మాత్రం కనిపిస్తూనే ఉంది. నా కోసం ఆగిన ఆ పన్నెండు నిమిషాలు కలుపుకుని కూడా మొదట వచ్చినామె కన్నా రెండు నిమిషాలు తక్కువ.

అది చూసి కూడా నేను ఆ అధికారి దగ్గరికి వెళ్లలేదు. పది అడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు.

తిరుగు రైల్లో సుక్కమ్మ చాలాసేపు కిటికీలోంచి చూసి, "నేను ఆగుడు తప్పేమో, నాకు తెల్వకపాయె. నీ పేరు ఖరాబ్ జేసిన. మాఫ్ చెయ్యి మేడం" అంది. నేనేమన్నానో తెలుసా? "ఏం గాదు తియ్" అన్నాను. నేను ఆమెను క్షమించాను.

ఆ తరువాతిది మీకు తెలిసిందే. బడి గేటు మీద నా ఫ్లెక్సీ కట్టారు, మండలంలో సన్మానం చేశారు. సుక్కమ్మ మళ్లీ గుట్టల వైపు రాలేదు. పిలిస్తే, "నాకు రూల్స్ తెల్వయ్ మేడం, ఎందుకు పరేషాన్" అనేది. స్టాఫ్‌రూములో ఎవరో ఒకసారి ఆమెను కాపీ సుక్కమ్మ అన్నారు. అందరితో పాటు నేనూ నవ్వాను.

పదవీ విరమణ కాగితాలు సిద్ధం చేసుకుంటూ, నా సర్వీసు పుస్తకంలో ఆ పతకం గురించి రాసిన వాక్యం చదివాక ఇక నిద్ర పట్టలేదు. మూడు నెలల కింద పోటీ నిర్వాహకులకు జరిగిందంతా ఉత్తరం రాశాను. పోయిన వారం జవాబు వచ్చింది. అది పట్టుకుని నిన్న మధ్యాహ్నం వంటగదిలోకి వెళ్లాను. సుక్కమ్మ గిన్నెలు తోముతోంది. మొత్తం చెప్పాను. ఆమె గిన్నె కింద పెట్టలేదు. తోమిందే తోముతూ ఉంది. చివరికి, "తొమ్మిదేండ్లాయె" అంది. "నా బిడ్డకు గూడ చెప్పుకున్న, మీ అమ్మ తప్పు జేసి వచ్చిందే అని."

పతకం ఆమె ముందు పెట్టాను. ముట్టుకోలేదు. "నీ మెడల్ నాకెందుకు మేడం. రేపు మీటింగుల చెప్తవా?"

"అందరి ముంగటనా?" అన్నాను. అప్పుడు కూడా అలా అడిగాను చూడండి.

"నా పేరు అందరి ముంగటనే కొట్టేసిరి గద" అంది.

అందుకని అందరి ముందూ ఈ కాగితం చదువుతున్నాను. ఆ ఏటి పోటీ, నలభై దాటిన ఆడవాళ్ల విభాగం, సవరించిన ఫలితం. పద్మలత పేరు, అంటే నా పేరు, తొలగించబడింది. మొదటి స్థానం, సుక్కమ్మ, శామీర్‌పేట.

(చప్పట్లు) నా వైపు చూసి కొట్టకండి, అటు తిరిగి కొట్టండి. సుస్మితా, నీకు ఆట నేర్పింది నేనే, అది నిజం. గర్వపడటానికి మాత్రం నువ్వు చెప్పుకోవలసిన పేరు వేరే.

ఆమె నన్ను క్షమించిందా అని అడగకండి. నేను అడగలేదు, అడిగే హక్కు లేదు. నిన్న వంటగది గడప దాటుతుంటే మాత్రం వెనక నుంచి పిలిచింది. "ఐతారం పొద్దుగాల గుట్టల కాడికి రా మేడం. కాగితాలు తే. మల్ల ఉరుకుదాం" అని, గిన్నె బోర్లించి, "ఈసారి నేను నీ కోసం ఆగను" అంది.

ఆదివారం వెళ్తున్నాను. ఇంత ఓపికగా విన్నందుకు, ఇన్నేళ్లు నన్ను భరించినందుకు, మీ పిల్లలను నా చేతికి అప్పగించినందుకు అందరికీ కృతజ్ఞతలు. శాలువా కప్పాలంటే కప్పండి సార్, వద్దనను, మీ మాట కాదనలేను. పతకం మాట మాత్రం అందులో కలపకండి. ఇక నాకు సెలవిప్పించండి.