వీపుతో నిలబెట్టిన గోడ

ఏమప్పా మునిరాజూ, టీ తాగుతా విను. బేరిగై రోడ్డులో నువ్విప్పుడు దిగబోయే పైపు కాలవ ఎంత లోతు? పదడుగులేనా? ఈ ముత్తప్ప తవ్విన కాలవలో పైనుంచి ఉమ్మితే, అది కింద పడేలోపల ఒక బీడీ తాగొచ్చు.

"బీడీ మానేసినావంట కదా తాతా?" అని మునిరాజు జతగాడు ధనుష్ నవ్వినాడు.

మానేసింది ఆ దినమే కదప్పా! కాలవ గోడ జరిగింది. నా జతలో తవ్వే లక్ష్మణప్ప గుండె దాకా మంటిలో కూరుకుపోయినాడు. అందరూ జేసీబీ తెమ్మని అరుస్తా ఉండారు. "ఓరి పిచ్చోళ్ళారా, అది అదిరితే మిగిలిన గోడా పడతాది. ముందు గోడ బిగించాల, తర్వాతే మనిషిని తవ్వాల" అన్నాను. ఇటొక పలక, అటొక పలక నిలబెట్టి, నడుమ నీలగిరి కట్టెలు అడ్డం కొట్టి బిగించినాను. రెండు జతలు నిలిచినాయి. మూడోదానికి కట్టెల్లేవు. ఆ తర్వాత ఏం చేసినానో చెప్పు చూద్దాం?

"ఏం చేసినావు?"

నేనే కట్టెనైనాను! వీపు ఈ గోడకి, కాళ్ళు ఆ గోడకి. మీద రోడ్డులో టమోటా లారీ పోతాంటే, పోనీలే అని దాన్నీ మోసినాను. రాయకోటలో రైలు కదిలితే ఆ అదురు నా మోకాలికి తెలిసింది. రెండు దినాలు అట్లే! ఇదో, టీ పోస్తాందే ఈ సుబ్బక్క, ఈయమ్మే సంగటి ముద్ద తెచ్చింది. చేతులు ఖాళీయే కదా, సగం నేను తిని సగం లక్ష్మణప్పకి పెట్టి, వాని గుండె చుట్టూ మన్ను తీసినాను. ముందు ఊపిరాడాల కదా. కడాకి ముల్లంగి పెరికినట్టు పెరికి గట్టున పెడితే, వాడు పంచె దులుపుకొని "అన్నా, ఒక టీ" అన్నాడు. నేను వీపు తీసినాక కృష్ణగిరి కొండ జానెడు ఇటు జరిగింది. కావాలంటే పోయి కొలుచుకో.

మునిరాజు పార భుజానికెత్తినాడు. "వీపు చాలంట ధనుష్! మేస్త్రి కట్టెలు రేపు గానీ పంపడు. ఊరికే యాడ కాచుకొనేది, దిగుదాం పా."

సుబ్బక్క కడుగుతాన్న గ్లాసు కింద పెట్టింది.

"ముత్తప్పన్నా, పదకొండేండ్లుగా నా మొగుణ్ణి దినామూ బతికించి నాకు చూపిస్తా ఉండావు. ఆ ఒక్క గడియ కోసరమే నోరు మూసుకొని వింటా ఉండాను. ఈపొద్దు వీళ్ళు దిగుతా ఉండారు. మూడో జత కట్టెలు యాడికి పోయినాయో అది చెప్పు."

నా టీ మీద మీగడ కట్టింది. దాన్నే చూస్తా కూర్చున్నాను.

పార దించప్పా, మునిరాజూ. కాలవలో బిగించిన ఆ కట్టెలు నేనే పెరుక్కొని పోయినాను. మా మనవరాలికి చెవులు కుట్టే దినం ఇంటి ముందర చప్పరం వేసేదానికి. ఒక్క దినమే కదా, మన్ను యాడికి పోతాది అనుకొంటిని. మన ఊర్లో అందరమూ అట్లే చేస్తాము. లక్ష్మణప్పే రెండు కట్టెలు నా భుజానికెత్తినాడు. "బిడ్డని దీవించినానని చెప్పన్నా" అన్నాడు. గోడ ఒరిగినప్పుడు నా వీపు ఆడ లేదప్పా. చప్పరం కింద, విస్తరాకు ముందర ఉండింది.

మునిరాజు పారని బల్లకి ఆనించి, మేస్త్రికి ఫోన్ చేస్తా రోడ్డు దిక్కు నడిచినాడు. ధనుష్ వాని వెనకే పోయినాడు.

సుబ్బక్క నా చల్లారిన టీ పారబోసి, వేడిది పోసింది.

"వాళ్ళు పోయినారులే అన్నా" అంది, నా మొగం చూడకుండా. "ఇప్పుడు చెప్పు. ఆయప్పని ఇంకొకసారి బయటికి తియ్యి."