కొండెంగలు నేర్పిన మొదటి మాట

ధర్మసాగర్ రోడ్డు మీది యాకమ్మ చాయ్ హోటల్లో ఆ పొద్దున చంద్రమౌళి నోరు మూయించే నాథుడే లేకపోయాడు. మామూలు రోజైతే యాకమ్మ కూడా నవ్వుకుంటూ వినేదే. ఇవాళ మాత్రం ఆమెకు ఒళ్లు మండిపోతోంది. "కోతులతోని నేను మాట్లాడుత, నువ్వు కావలి బంద్ జెయ్" అని నిన్న ఈ పెద్దమనిషి అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె పెనిమిటి కట్టయ్య మక్కచేను వదిలేసి వచ్చి బెంచీ మీద చతికిలబడ్డాడు. కంకులు పాలు పోసుకునే వేళ. పోయినేడు కోతుల మంద చొప్ప తప్ప ఏమీ మిగల్చలేదు. ఈసారీ అంతే అయితే ఇక కోలుకునేది లేదు. గిరాకీ ముందు మొగుణ్ణి తిట్టలేక యాకమ్మ చాయ్ గిన్నెను ఠపీమని పొయ్యి మీద పెట్టింది.

"గొప్పలు చెప్పుకునుడు నాకు చేతగాదు," అని మొదలుపెట్టాడు చంద్రమౌళి. "మేడారం అడవికి ఒక మేడం వచ్చింది, జంతువులు ఎట్ల మాట్లాడుకుంటయి, మనిషికి మాటలు యాడికెల్లి వచ్చినయని చదువుతాంది, నేను ఆమె జీపు నడిపిన, గంతే. చెట్లకు రికార్డర్లు కట్టి నల్లమూతి కొండెంగల అరుపులు పట్టేటోళ్లం. చిరుతపులొస్తే ఒక తీరు అరుస్తయి, గద్దొస్తే ఇంకో తీరు. మేడం మిషిన్ల చూసి చెప్పేది, నేను ఉత్త చెవితోనే చెప్పేటోణ్ణి. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

"చెప్పు కాకా," అన్నాడు ఆటో సుదర్శన్.

"ఓనాడు గద్దొచ్చిందని నేనే అరిసిన. మందకు మంద చెట్లు దిగి పొదలల్ల జొచ్చింది. ముసలి కొండెంగ ఒకటి వచ్చి, 'జర తమాషాలు బంద్ జెయ్ బిడ్డా, మోకాళ్లు నొస్తానయి' అన్నది. మాఫ్ చెయ్యి తాతా అన్న. ఇగ దోస్తీ!"

"తెలుగులనా?"

"వాళ్ల భాషలనే! యాసతో సహా వచ్చింది నాకు. ఇగ తెల్లారితే అడివి పంచాయితీలన్నీ నా తాననే. ఎలుగుబంటి పెండ్లాం అలిగి పుట్టింటికి పోతే నేనే నచ్చజెప్పి తోలిచ్చిన. చిరుతపులి నన్ను జూస్తే 'బాగున్నవానే' అని తొవ్వ ఇడిసేది."

"మరి మనిషికి మాటలెట్ల వచ్చినయో అడుగకపోతివి?"

"అడుగకుంట ఉంటనా? తాతనే చెప్పిండు. ఎన్కట మనిషి మూగోడట. పెద్దవాన పడ్తాంటే బండ కింద కొండెంగలు కూసున్నయి, మనిషి బయట తడుసుకుంట నిలబడ్డడు. పాపమనిపించి ఒక మాట నేర్పినయట: 'జర జరుగు!' లోకంల మొట్టమొదటి మాట గదే. సంబురానికి మేడం ఏడుపొక్కటే తక్కువ. దేశదేశాల ప్రొఫెసర్లు ఫోన్ల మీద ఫోన్లు. అన్ని దేశాలోళ్లు మన వరంగల్ మాటనే వంకర జేసి మాట్లాడుతాండ్లని తేలిపోయింది."

సుదర్శన్‌కు చాయ్ పొలమారింది. కట్టయ్య మాత్రం నోరు తెరుచుకుని వింటున్నాడు. ఇక ఈ మనిషి చేను మొహం చూడడని యాకమ్మ గుండె జారిపోయింది.

"అన్నా," అన్నాడు కట్టయ్య మెల్లగా, "కొండెంగల భాష, కోతుల భాష ఒక్కటేనానే?"

చంద్రమౌళికి పౌరుషం పొడుచుకొచ్చింది. "ఒక్కటెట్లయితది తమ్మీ? కొండెంగలది పెద్దల భాష. కోతులయి ఉత్త మోటు మాటలు. ఒక్క ముక్క గూడ నేను నేర్వలే!"

"అట్లనా. మరి నా చేన్ల పడేటియి కోతులే గదనే."

హోటలంతా గొల్లుమంది. చంద్రమౌళి చల్లారిన చాయ్ ఎత్తి గటగటా తాగేశాడు. కట్టయ్య లేచి కోతులను బెదరగొట్టే రేకుడబ్బా, కట్టె అందుకున్నాడు. యాకమ్మకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

"అయితే నమ్మలేదా నువ్వు?" అంది.

"ఎవడు నమ్ముతడే? పొద్దంత మంచె మీద ఒక్కణ్ణే. మాట్లాడేటోడు లేక పిచ్చి లేస్తాంది, అందుకే వచ్చి కూసున్న." కట్టయ్య చంద్రమౌళి భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు గూడ నడువన్నా. మంచె మీద కూసోని ఇట్లనే ఆపకుంట చెప్పు. నీ నోటికి ఒక్క కోతి గూడ దగ్గరికి రాదు."

చంద్రమౌళి తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. యాకమ్మ నవ్వుతూ ఫ్లాస్కు నిండా ఇద్దరికీ సరిపడా చాయ్ పోసి ఇచ్చింది. వాళ్లు రోడ్డు దాటకముందే ఎలుగుబంటి అత్తగారి సంగతి మొదలైంది.