మేబెల్ పేరిట ఒక స్కర్టు

మౌలాలి రైల్వే క్వార్టర్లలో ఒక ఇల్లు. 1948 సెప్టెంబరు; దీపాలు పెట్టే వేళ. తలుపుకు గడియ వేసి ఉన్నది. కుట్టుమిషను వద్ద ఎలీసబెతు టీచరు, ఆమె ఎదుట పీట మీద సుమిత్ర.

“కదలవద్దన్నాను, సుమిత్రా. గుండుసూది గుచ్చుకుంటుంది.”

“నేనేడ కదుల్తున్న టీచరమ్మా? కాళ్లే వణుకుతున్నయి.”

“ఇప్పుడు వణకవచ్చు. రేపు ఉదయం మిషన్ ఆస్పత్రి దొరసాని గారి కారులో వణకకూడదు. ఇంకొకసారి చెప్పు. రైలు గేటు దగ్గర రజాకార్లు కారు ఆపుతారు. నీ పేరు?”

“మేబెల్.”

“ఉద్యోగం?”

“నర్సు. మిషన్ ఆస్పత్రిల... టీచరమ్మా, ఇది ఒంటికి అతుక్కుంటున్నది. ఎన్కకెళ్లి అంత కనవడ్తది.”

“కనబడాలనే కుడుతున్నాను. వాళ్లు ఆ వంకే చూస్తారు గాని నీ ముఖం చూడరు. తాము వెతుకుతున్న వీరయ్య భార్య ఇటువంటి స్కర్టు తొడుగుతుందని వాళ్ల తాతలకైనా తోచదు.”

“మా అత్త సూస్తే గీన్నే పానం ఇడుస్తది.”

“ఆవిడ చూడదు. దొరసాని గారిచ్చిన కత్తిరింపు పేటర్ను కాగితంలో స్పష్టంగా ఉన్నది. బనీను బట్ట సాగుతుంది గనుక ఒంటి కొలతకంటే తక్కువకే కత్తిరించాలి. కాగితం చెప్పినట్లే చేశాను.”

“ఆ కాగితం రాసినోళ్లు రజాకార్లను సూసిన్రా?”

“మాట తప్పించవద్దు. దిగి నడువు. అట్లా కాదు, అది పొలం గట్టు మీద నడక. మోకాళ్లు కలిపి, చిన్న అడుగు.”

“గిట్లనా?”

“ఇంకా చిన్నది. బట్ట సాగుతుంది, దారం సాగదు. పెద్ద అడుగు వేశావా, పక్క కుట్టు తెగిపోతుంది.”

“మరి ఉరకాల్సి వస్తే?”

“ఉరకకూడదు.”

“వస్తే?”

“మెడలో ఏమిటది?”

“ఏం లేదు.”

“సుమిత్రా.”

“నల్లపూసలు. జాకీటు లోపట పెట్టుకుంట. ఎవ్వరికి కనవడయి.”

“మేబెల్‌కు పెళ్లి కాలేదు. మేబెల్ నల్లపూసలు కట్టదు.”

“ఆయన ఏ అడివిల ఉన్నడో తెల్వదు. అసలు ఉన్నడో... తియ్యబుద్ధి అయితలేదు టీచరమ్మా. తీస్తే ఏదన్న అయితదని...”

“మగవాడు దొరకకపోతే ఇంట్లో ఆడదాన్ని పట్టుకుపోతున్నారు. నిన్ను వెతుకుతున్నది అందుకే గదా? తియ్యి.”

“తీస్త. పట్టుకోండ్రి. కింద పెట్టకున్రి.”

“నా బైబిలు పక్కన పెట్టెలో ఉంచుతాను. పీట ఎక్కు, అంచు మడవాలి.”

“మిషను జెర మెల్లగ తొక్కున్రి. పక్కింటి కరీమున్నీసా బీ కొడుకు రజాకార్లలనే ఉన్నడు. గోడ అవతలికి సప్పుడు పోతది.”

“పోతే పోనీ. నేను కుట్టని రోజున్నదా?”

“ఎలీసబెతమ్మా. తలుపు తియ్యి.”

“టీచరమ్మా, కరీమున్నీసా బీనే. గామె గొంతే.”

“ఉష్. అలమార వెనక్కి వెళ్లు. చిన్న అడుగులు, సుమిత్రా, చిన్న...”

“టీచరమ్మా. తెగింది. పక్కకెళ్లి మొత్తం తెగింది.”

“ఉరకవద్దన్నాను గదా. నోరు మూసుకో. ఎవరూ? కరీమున్నీసా బీ? ఇప్పుడు వీలు కాదండీ. స్కూలు పిల్లల గౌన్లు కుడుతున్నాను.”

“పిల్లల గౌన్లే. మొన్న నా కొడుకు అడిగితే నేను సుత గదే చెప్పిన.”

“ఏమని అడిగాడు?”

“ఎలీసబెతమ్మ మిషను గింత పొద్దుదాంక ఎవరికోసం తిరుగుతుందని. తియ్యమ్మా, జల్ది. నేను ఒక్కదాన్నే ఉన్న. బయట నిలవడాలంటే భయమైతుంది.”

“తియ్యకున్రి టీచరమ్మా, మీ కాళ్లు మొక్కుత.”

“తియ్యకపోతే వీధి అంతా వింటుంది. రండి, బీ. గడియ వెయ్యండి. ఈమె మేబెల్, మా బంధువుల అమ్మాయి. ఆస్పత్రిలో నర్సు.”

“వీరయ్య పెండ్లామని నాకు ఎరికే. వణకకు బిడ్డా. నీ తక్లీఫ్ తీరింది. రేడియోల చెప్పిన్రు. లడాయి బంద్ అయింది. మన సర్కారు ఓడింది. రేపు హిందుస్తాన్ ఫౌజు వస్తదట.”

“నిజమా? టీచరమ్మా, నిజమేనా? ఇగ నేను దాక్కోవద్దా? ఆయన ఇంటికొస్తడా?”

“దేవునికి స్తోత్రం. కూర్చో, సుమిత్రా. కాదు, ఆ స్కర్టులో కూర్చోలేవు, నిలుచుండు. కరీమున్నీసా బీ, మీరెందుకు ఏడుస్తున్నారు?”

“నా కొడుకు పొద్దటిసంది ఇంటికి రాలే. వర్దీ బట్టలు ఇప్పి బాయిల పారేసి పోయిండు. రేపటికెల్లి వాన్ని ఎతుక్కుంట ఎవరెవరో వస్తరు. వాడు చేసినయి చేసిండు, నేను కాదంటలేను. కని వాడు దొరకకపోతే ఇంట్ల ఎవరున్నరు? మా రజియానే గద, వాని పెండ్లాం.”

“మీ అన్నగారి ఇంటికి పంపరాదా?”

“అన్న ఇల్లు రైలు గేటు అవతల. బురఖాల పోతే ఎవరన్న ఆపుతరు, పేరడుగుతరు. దొరసాని కారు పొద్దుగాల వస్తదా, ఎలీసబెతమ్మా? రజియా గీ బిడ్డంత ఎత్తే. గీ గౌను... దాన్కి పడ్తదా?”

“బీ, అది సుమిత్ర కొలతకు కుట్టినది. అదీగాక పక్క కుట్టు... పైగా, ఇన్నాళ్లూ ఈ పిల్ల ఎవరికి భయపడి నా ఇంట్లో...”

“తెల్సు అమ్మా. తెల్సే అడుగుతున్న.”

“సుమిత్రా, నీవేమంటావు? నీకోసం కుట్టినది.”

“రజియా నల్లపూసలు కట్టుకుంటదా?”

“లచ్ఛా కట్టుకుంటది బిడ్డా, మాకు గదే నల్లపూసల దండ. పెండ్లినాడు నేనే కట్టిన.”

“నా లెక్కనే రజియా సుత అది తియ్యనంటది. మీరు చెప్తే ఇనదు. దాన్ని తోల్కరాన్రి, నేను చెప్త.”