మా వైపు ఎవరికీ లేదు

మళ్ళీ లేదనే చెప్పారు కదూ? తలుపు పక్కనే నిలబడి అంతా విన్నానండీ అత్తయ్యా. "మా వైపు ఎవరికీ లేదమ్మా, ఏడు తరాలు వెతికినా లేదు." అవతల మీ అమ్మాయి ఆసుపత్రిలో ఆర్నెల్ల పిల్లాణ్ణి పెట్టుకుని, పక్కన డాక్టరు రాసుకోవడానికి నిలబడితే, మన ఇంట్లో ఫిట్స్ ఎవరికైనా ఉన్నాయా అమ్మా అని అడిగింది. అప్పుడు కూడా నిజం చెప్పడానికి నోరు రాలేదు మీకు.

ఫోన్ ఇలా ఇవ్వండి. మింగేయను లెండి, మళ్ళీ మీకే ఇస్తాను. టైం చూడండి, నాలుగున్నర. ఆరింటికి పిల్లాడికి మందు మొదలుపెడతారట. ఏ మందో తెలుసా? నా కూతురు, మన పిచ్చుకకి ఎనిమిదేళ్ళు మింగించామే, ఆ తెల్లమాత్ర. పసివాడు కాబట్టి సీసాలో పోసిస్తారు, అంతే తేడా.

కూర్చోండి. ఆ కిటికీ దగ్గర కుర్చీలో, వెలుతురుంటుంది. కళ్ళజోడు పెట్టుకోండి. మీ చేత ఒక కాగితం చదివించాలి.

వద్దా? సరే, ముందు నేనే చెబుతాను. పిచ్చుకకీ, నాకూ, మీ అబ్బాయికీ ముగ్గురికీ రక్తం తీశారు గుర్తుందా? జన్యు పరీక్ష. మీరప్పుడు నవ్వారు. తల్లి రక్తం సంగతి తెలియడానికి ఇంత తతంగమా అన్నారు, అదీ పక్కింటావిడ ముందు. ఆవిడ నాకేసి చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు నేను.

రిపోర్టు తీసుకోవడానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. మీ అబ్బాయి లారీ మీద ఉన్నాడు. ఆ డాక్టరమ్మ పాపం ఏవో అక్షరాలూ అచ్చుతప్పులూ అని చెప్పింది గానీ నా బుర్రకెక్కలేదు. నేను కటింగ్ మాస్టర్నండీ, పదహారేళ్ళుగా చొక్కాలు కోస్తున్నాను, నా భాషలో చెప్పుకుంటే గానీ నాకు అర్థం కాదు. చొక్కా కొలతలు గీసుకునే అట్ట మీద చంక దగ్గర ఒక్క గీత పక్కకి జరిగిందనుకోండి. దాన్ని పెట్టి కోసిన చొక్కా ఒకడు వేసుకుంటే తేడా తెలియనే తెలియదు, ఇంకొకడు చెయ్యెత్తగానే పర్రున చిరుగుతుంది. అంతేనా అన్నాను. దాదాపు అంతే, కాకపోతే పుట్టిన ప్రతి బిడ్డకీ రావాలని లేదు, వస్తే వచ్చినట్టు లేకపోతే లేనట్టు, సగం సగం అంది.

నా అట్టలో తప్పు లేదట. గీత జరిగింది మీ అబ్బాయి అట్టలో.

తల తిప్పుకోకండి. కక్షకొద్దీ అంటున్న మాట కాదు, కాగితం మీద ఉంది. చిన్నప్పుడు ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, కళ్ళు తేలేసేవాడట కదా ఆయన? ఎవరు చెప్పారా? ఎవరూ చెప్పలేదు. మీ చేతులే చెప్పాయి.

పిచ్చుకకి ఏడో నెల. అదే మొదటిసారి. జ్వరంలో బిడ్డ కొయ్యలా బిగుసుకుపోతే నేను కాళ్ళూ చేతులూ ఆడక గదంతా తిరుగుతున్నాను. మీరేం చేశారు? వంటింట్లోంచి వచ్చి, తడిచేతులు తుడుచుకుని, బిడ్డని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టారు. మెడ దగ్గర గుండీ విప్పారు. నేను నోట్లో స్పూను పెట్టబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చారు. గోడ గడియారం చూస్తూ నిమిషాలు లెక్కపెట్టారు. నాలుగు. మీ మొహంలో కంగారు లేదు.

ఆ రోజు మనసులో మీకు దణ్ణం పెట్టుకున్నానండీ, మా అత్తగారిది ఎంత గుండెదిటవు అని. పని తెలిసిన చెయ్యి ఎలా కదులుతుందో నాకు తెలియకపోవడమేంటి, రోజూ కొత్తవాళ్ళకి కత్తెర పట్టడం నేర్పేదాన్ని. అయినా తట్టలేదు. రిపోర్టు చేతిలో పెట్టుకుని బస్సులో కూర్చున్నాక తట్టింది. ఈవిడ ఈ పని ఇంతకుముందు చేసింది. ఒకసారి కాదు, బోలెడుసార్లు చేసింది.

ఔనా కాదా?

అబద్ధమైతే ఈపాటికి ఒంటికాలి మీద లేచేవారు, నాకు తెలుసు.

ఆ మర్నాడే మొదటి డాక్టరు మనల్నీ ఇదే ప్రశ్న అడిగాడు. నేను మా వాళ్ళందర్నీ ఏకరువు పెట్టాను. మా మేనమామకి తలనొప్పి వస్తుందన్న ముక్క కూడా దాచలేదు. మీరు మాత్రం మా వైపు ఎవరికీ లేదు అన్నారు, నిమ్మకు నీరెత్తినట్టు. ఆయన రాసుకున్నాడు. తెల్లమాత్ర మొదలైంది. మాత్ర పెంచేకొద్దీ ఫిట్స్ కూడా పెరిగాయి, రోజుకి రెండు, ఐదు, తొమ్మిది. మూడో ఏట అమ్మ, పాలు, పిట్ట, తలుపు అని నలభై మాటలు పలికిన పిల్ల, నాలుగో ఏటికి అమ్మ అన్నది కూడా మర్చిపోయింది.

ఇలాంటి తేడా ఉన్న పిల్లలకి ఆ మందు పడదట అత్తయ్యా. తగ్గించకపోగా ఎక్కువ చేస్తుందట. తండ్రికి చిన్నప్పుడు ఉండేదని ఎవరైనా ఒక్క మాట చెప్పుంటే మొదటి ఏడాదే ఈ పరీక్ష రాసేవాళ్ళం అంది డాక్టరమ్మ. మందు మారాక ఇప్పుడు నెలకి రెండు. మొన్న తనంతట తాను మూడు మెట్లెక్కింది. తొమ్మిదేళ్ళ పిల్ల మూడు మెట్లెక్కితే ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టాం. మీరూ కొట్టారు. మిమ్మల్ని ఆ మెట్ల మీంచే తోసెయ్యాలనిపించింది నాకు.

ఏడవకండి. నేను ఏడ్చినప్పుడు మీరేమన్నారు? చేసుకున్నదానికి చేసుకున్నంత అన్నారు.

మీరొక్కరే అయితే పోన్లే పెద్దావిడ అనుకుందును. తప్పంతా నా రక్తానిదేనని మీ అమ్మాయికి కూడా నూరిపోశారు. ఏడో నెల కడుపుతో వచ్చి ఈ కిటికీ దగ్గరే కూర్చుంది. పిచ్చుక వెళ్ళి పొట్ట మీద చెయ్యి వేయబోయింది, ముద్దొచ్చి. తనేమో కుర్చీ వెనక్కి జరుపుకుంది. "వదినా, దీన్ని కాస్త దూరంగా తీసుకెళ్ళు" అంది. మీరు కాదనలేదు. నేను తీసుకెళ్ళాను. లోపలి గదిలో తలుపేసుకుని పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, తను వెళ్ళేదాకా.

ఇప్పుడేమో తన కొడుక్కే వచ్చింది. ఇప్పుడైనా ఎందుకు దాచారో కూడా నాకు తెలుసు. అల్లుడు వింటాడని. వియ్యపురాలు వింటుందని. ఇదంతా మీ రక్తం వల్లే అని మీ అమ్మాయిని ఆవిడ రోజూ పొడుస్తుందని. భయపడాలి మరి. అత్తగారు ఎలా పొడుస్తుందో మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

పొద్దున పిల్లాడు బిగుసుకుంటే మీ అమ్మాయి ఏం చేసిందో మీరే చెప్పారు కదా? నోట్లో స్పూను దూర్చింది. పెదవి చీరుకుపోయింది. పక్కకి తిప్పాలని తెలియదు, టైం చూడాలని తెలియదు. నేర్పితే మీకెలా తెలుసని అడుగుతుందని సొంత కూతురికి కూడా నేర్పలేదు మీరు.

అందుకే అంటున్నాను. ఫోన్ చెయ్యండి. మీ అన్నయ్యకి ఉండేదమ్మా, నేనే దాచానమ్మా అని మీ నోటితో చెప్పండి. నేను వినాలి. ఆ తర్వాత ఈ కాగితం ఫోటో తీసి పంపిస్తాను, డాక్టరు మందు ఆపేస్తాడు. మీరు చెప్పందే పంపను. ఎంత రాక్షసినైనా అనుకోండి.

ఇదే ఆ కాగితం. చదవండి. రిపోర్టు కాదు, ఉత్తరం. ఇలాంటిది తేలితే రక్తసంబంధీకులకి ఇమ్మని ఆసుపత్రివాళ్ళే రాసిస్తారు. మీ అబ్బాయి చెల్లెలికని ఇచ్చారు. మీకూ ఉండొచ్చు, మీ బిడ్డకీ రావొచ్చు, జ్వరం వస్తే జాగ్రత్త, ఫలానా మందు వాడొద్దు, ఫిట్స్ వస్తే పక్కకి తిప్పండి, నోట్లో ఏమీ పెట్టొద్దు. అన్నీ ఉన్నాయి, పెద్ద అక్షరాల్లో.

ఏంటలా చూస్తున్నారు? ఏం కనిపించింది పైన?

తేదీ.

అవును. నాలుగు నెలలైంది. రిపోర్టులో ఏమీ తేలలేదని మీకూ, ఆయనకీ కూడా అబద్ధం చెప్పాను. డాక్టరమ్మ ఈ ఉత్తరం నా చేతిలో పెట్టి, ఆలస్యం చెయ్యకమ్మా, పసిబిడ్డ ఉన్న ఇల్లు అని రెండుసార్లు చెప్పింది. అలాగేనండీ అన్నాను. తెచ్చి పని దగ్గర నా సొరుగులో, పాత అట్టల కింద పెట్టాను. రోజూ సొరుగు తీసేదాన్ని. రోజూ కనపడేది. కుర్చీ వెనక్కి జరుపుకుంది కదా, జరుపుకోనీ అనుకునేదాన్ని.

ఇంకొకటి కూడా వినండి. పొద్దున మీరు పని దగ్గరికి ఫోన్ చేసి, పిల్లాడు కళ్ళు తేలేశాడే అన్నారు చూడండి. అప్పుడు నాకు ముందు సంతోషం కలిగింది. ఒట్టండీ. కత్తెర పక్కన పెట్టి కూర్చుని మరీ సంతోషించాను. ఎంతసేపో తెలియదు. ఆ తర్వాత మీరు స్పూను సంగతి చెప్పారు.

అలా చూడకండి. మీరు మాత్రం నన్నలా చూడకూడదు.

అదిగో, తనే చేస్తోంది. తీసుకోండి. ఐదు కావస్తోంది. ముందు ఆ మందు మొదలెట్టొద్దని చెప్పండి, పేరు కింది నుంచి రెండో వరుసలో ఉంది, నేను ఫోటో పంపుతున్నాను. తర్వాత మీ సంగతి చెప్పండి, చెప్పకపోతే మానెయ్యండి. నా సంగతి కూడా మీరే చెప్పండి అత్తయ్యా. తొమ్మిదేళ్ళుగా నా మీద ఊరందరికీ చెబుతూనే ఉన్నారు కదా. ఈ ఒక్కటీ నిజం.